నెలలు నిండని బిడ్డ తల్లికి ఆసరా: కొలమానాల తెలుగు అన్వయం – జన్వాడ పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రవేశిక

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డ నెలలు నిండని బిడ్డ. 2020లో ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి జననాలు సుమారు 1.34 కోట్లు, వాటిలో దాదాపు 30 లక్షలు మన దేశంలోనివే. ఆసుపత్రిలో ఆ బిడ్డ బరువు, ఊపిరి, ఒంటి వేడి ఎప్పటికప్పుడు కేస్‌షీటుకు ఎక్కుతాయి. తల్లికి ఎవరు తోడున్నారన్నది కూడా అంతే శ్రద్ధగా నమోదు కావాలన్నది ఈ వ్యాసం వాదం. అయితే ఆ కొలత మన బంధుత్వాల మాటల్లో ఉండాలి.

తల్లిగారిల్లు, ఆసుపత్రి

రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని జన్వాడలోనూ, పొరుగునున్న మొయినాబాద్, చేవెళ్ల పల్లెల్లోనూ తొలి కాన్పుకు తల్లిగారింటికి వెళ్లడం ఆనవాయితీ. బాలింత స్నానం, పథ్యం, బిడ్డకు నూనె మర్దన అన్నీ పెద్దల చేతిమీదుగా సాగుతాయి. ఈ ఆసరా అంతా ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. బిడ్డను హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రికి తరలించిన రోజున అది ఇంట్లోనే మిగిలిపోతుంది. దాన్ని తల్లి దగ్గరికి చేర్చాలంటే ఎవరో ఒకరు కూలి మానుకోవాలి, సద్ది కట్టుకుని బస్సెక్కాలి, ఇంకొకరు పెద్దపిల్లను చూసుకోవాలి.

ఉన్న కొలమానాలు

సామాజిక ఆసరాను భావోద్వేగం, చేతిసాయం, సమాచారం, మదింపు అని నాలుగు రకాలుగా జేమ్స్ హౌస్ 1981లో విభజించారు. 1988లో జిమెట్ బృందం రూపొందించిన బహుముఖ కొలమానంలో 12 వాక్యాలున్నాయి. కుటుంబం, స్నేహితులు, ప్రత్యేక వ్యక్తి అనే మూడు మూలాలకు నాలుగేసి వాక్యాలు. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 వరకు మార్కులు.

దీన్ని మాటకు మాటగా తెలుగు చేస్తే మూడు చిక్కులు వస్తాయి. మొదటిది, మెట్టినింటికి వచ్చిన కోడలి స్నేహితులు చాలావరకు పుట్టిన ఊళ్లోనే ఉండిపోతారు. ఇక్కడ ఆదుకునేది తోడికోడలు, పక్కింటి అక్క. వాళ్లను ఏ గడిలో లెక్కించాలో తెలియక ‘స్నేహితుల’ మార్కులు తగ్గిపోతాయి. రెండోది, ‘కుటుంబం’ అన్న ఒక్క మాటలో తల్లిగారు, అత్తగారు కలిసిపోతారు. ఒకవైపు లోటును మరోవైపు సాయం కప్పేస్తుంది. మూడోది, ‘ప్రత్యేక వ్యక్తి’ అంటే భర్తా, అమ్మా, మరొకరా అన్నది అడిగేవారికే స్పష్టంగా ఉండదు.

ప్రతిపాదన

తెలుగు కొలమానం తల్లిగారు, అత్తగారు, భర్త, ఇరుగుపొరుగు, ఆసుపత్రి సిబ్బంది గురించి తల్లిని వేర్వేరుగా అడగాలి. ‘మీకు అండగా ఉన్నారా?’ అన్న ప్రశ్నతో పాటు జరిగిన పనినీ అడగాలి: నిన్న అన్నం ఎవరు తెచ్చారు? రాత్రి తోడు ఎవరు పడుకున్నారు? బిడ్డ పరిస్థితిని అర్థమయ్యేలా ఎవరు చెప్పారు? ‘నీ వల్లే ఇలా పుట్టింది’ అని ఎవరైనా అన్నారా? ఈ చివరి ప్రశ్న కీలకం. ఎందుకంటే పక్కనున్న మనిషి ప్రతిసారీ ఆసరా కాకపోవచ్చు. అత్త వింటుండగా కోడలు నిజం చెప్పలేదు కాబట్టి ఆమెను ఒంటరిగానే, నోటిమాటగా అడగాలి.

అనువాదం, పునరనువాదం, కొద్దిమంది తల్లులతో ప్రయోగ పరీక్ష వరుసగా జరగాలి. క్రాన్‌బాక్ ఆల్ఫా అనే గణాంక సూచిక ఎక్కువగా వస్తే ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగాయని తెలుస్తుంది. తల్లి బతుకును పట్టుకున్నాయని తెలియదు. అందుకే 1987 నాటి ఎడిన్‌బరో ప్రసవానంతర కుంగుబాటు కొలమానంతో పోల్చి చూడాలి. బిడ్డ చేరిన మొదటి వారంలో ఒకసారి, ఇంటికి చేరాక ఆశా కార్యకర్త వచ్చే రోజుల్లో మరోసారి కొలవాలి.

ముగింపు

1978లో బొగొటాలో మొదలైన, బిడ్డను తల్లి గుండెకు హత్తుకుని ఉంచే కంగారూ సంరక్షణను పుట్టిన వెంటనే మొదలుపెడితే తక్కువ బరువు శిశువుల మరణాలు 25 శాతం తగ్గాయని 2021లో వెలువడిన బహుళదేశ అధ్యయనం తేల్చింది. అందులో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది. బిడ్డను గంటల తరబడి గుండెకు హత్తుకుని కూర్చోవాలంటే తల్లి పనిని మరొకరు మోయాలి. అంటే తల్లికి ఆసరా బిడ్డ వైద్యంలో భాగమే. ప్రతి నవజాత శిశు విభాగం కేస్‌షీటులో బిడ్డ బరువు పక్కనే ‘తల్లికి తోడు ఎవరు?’ అన్న గడిని చేర్చాలి. ఆ గడి ఖాళీగా కనిపించిన రోజే సిబ్బంది ఆమెను పలకరించాలి.