లైన్ క్లియర్: తండాలు కరెంటు పని నేర్చిన కథ

మా తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగినవాళ్లు. ఆ వ్యాపారమే లదేణి. రైళ్లు, రోడ్లు వచ్చాక దానికి గిరాకీ పోయింది. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతాల గుట్టల మీద తండాలు కట్టుకొని మెట్ట సేద్యంలోకి, కూలిలోకి దిగాం. ఇంతవరకు మా రచయితలు చాలాసార్లు రాశారు. ఆ తర్వాత కరెంటు మా బతుకుల్లోకి ఎట్లా వచ్చింది, ఆ పనిని మా పిల్లలు ఎట్లా నేర్చుకున్నారు అన్నది మాత్రం రాసుకోలేదు. ఈ వ్యాసం దాని గురించే.

కథ ఆనకట్టల దగ్గర మొదలవుతుంది. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అది రాతి ఆనకట్ట. వేలాది కూలీలు రాయి మోసి, సున్నం సిమెంటు కలిపి లేపిన కట్టడం. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి పనికి ‘పాలమూరు లేబర్’ను పిలిచేవాళ్లు. ఆ లేబర్‌లో మా తండాల మేస్త్రీలు, ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పోయింది. దేవరకొండ గుట్టలు కాలువ కంటే ఎత్తున ఉండి ఎండిపోయాయి. 1978లో సాగర్ దగ్గర, 1982లో శ్రీశైలం దగ్గర కరెంటు పుట్టింది. శ్రీశైలం నీళ్ల కింద పాలమూరు జిల్లాలోని కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగాయి. తట్టలు మోసిన మా ఇళ్లల్లో మాత్రం చాలా ఏళ్లు కిరోసిన్ బుడ్డే వెలిగింది.

మాలో చాలామందికి కరెంటు మొదట బల్బు రూపంలో రాలేదు, బోరు మోటరు రూపంలో వచ్చింది. మా నేల కింద గట్టి రాయి. కాలువ లేనిచోట బోరే దిక్కు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. అయితే అది విడతలు విడతలుగా, సగం రాత్రిపూట వచ్చేది. రాత్రి లేచి పొలానికి పోలేక రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే ఆ లైన్ మీది మోటర్లన్నీ ఒక్కసారి లేచేవి. మోటరు తిరగడం మొదలైనప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ కలిసి లాగితే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతుంది, లేదంటే ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. లైన్‌మన్ ఒక్కడు, ఊళ్లు ఎన్నో. చేను ఎండుతుంటే ఎవరు ఆగుతారు? తండాలో కాస్త ధైర్యమున్న పిల్లవాడు కర్ర పట్టుకొని పోయి, ఏబీ స్విచ్ లాగి, ఫ్యూజు తీగ కట్టి వచ్చేవాడు. అందరూ వాడిని ‘కరెంటాయన’ అనేవాళ్లు.

ఆ పిల్లలే మా మొదటి ఎలక్ట్రీషియన్లు. వాళ్లకు జీతం లేదు, గ్లౌజులు లేవు, చదువు లేదు. స్విచ్ మూడు బ్లేడ్లలో ఒకటి పడకుండా ఉండిపోయినా, ఏ ఇంటి జనరేటరు నుంచో కరెంటు వెనక్కి వచ్చినా చావే. మా ఎరుకలోని తండాల్లో అట్లా పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఉద్యోగులు కారు కాబట్టి పరిహారం అడగడానికీ కాగితం లేదు. ‘వాడెందుకు ముట్టుకున్నాడు’ అన్న మాటే మిగిలింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఆ పని నేర్పే బడి లేదా? ఉంది. 1950లోనే భారత ప్రభుత్వం వృత్తి శిక్షణ పథకం మొదలుపెట్టింది. 1956లో ఆ ఐటీఐల నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. అదే ఏడాది జాతీయ వృత్తి శిక్షణ మండలి ఏర్పడింది. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ ఐటీఐలు నడిచాయి. కానీ ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పదో తరగతి పాస్ కావాలి. తండాలో పదో తరగతి ఎక్కడిది? పైగా ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ఎస్టీలుగా ఉండగా, తెలంగాణ లంబాడీలకు ఆ గుర్తింపు 1976 చట్టంతోనే వచ్చింది. అది 1977 జులైలో అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు, వాటి నుంచి పదో తరగతి, అక్కడినుంచి ఐటీఐ. బడికీ మాకూ మధ్య ఒక తరం దూరం ఉంది. ఆ దూరాన్నే మా కరెంటాయనలు ఒంటి మీద మోశారు.

ఐటీఐలో ఆ ట్రేడు రెండేళ్లు. తీగ చర్మం ఒలవడం, జాయింట్లు కట్టడం దగ్గర మొదలై చెక్క బోర్డు మీద వైరింగ్, మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడడం, స్టార్టర్ విప్పి బిగించడం, మోటరు వైండింగ్ దాకా పోతుంది. మా పిల్లలు అక్కడికి ఖాళీ చేతులతో పోలేదు. మోటరు కాలిన వాసన వాళ్లకు చిన్ననాటి నుంచి తెలుసు. ఎందుకు కాలుతుందో అక్కడ తెలిసింది. మూడు ఫేసుల్లో ఒకటి పోయినా తిరుగుతున్న మోటరు ఆగదు. మిగిలిన రెండు ఫేసుల మీద బరువు పడి, కరెంటు పెరిగి, వైండింగ్ వేడెక్కి కాలుతుంది. దానికి విరుగుడు ఓవర్‌లోడ్ రిలే. తండాలో రిలే పదేపదే పడిపోతోందని దాన్ని తీసి పక్కన పెట్టేవాళ్లం. రోగం చెప్పేవాడి నోరు మూయించామని బడిలో అర్థమైంది.

భాష కష్టమూ ఉంది. ఇంట్లో గోర్‌బోలి, క్లాసులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. మూడో భాషలో రాసిన మాట మొదటి భాషలో అర్థమయ్యేదాకా ఓపిక పట్టిన మాస్టర్లను మేము మరచిపోం. ‘సమాధానం రాకపోతే మోటరు దగ్గరికి రా, చూపించి చెప్పు’ అనే మాస్టరు దగ్గర మా పిల్లలు ఎన్నడూ వెనకబడలేదు.

ఈ చదువులో మాకు అన్నిటికంటే విలువైనవి రెండు పాఠాలు. ఒకటి ఎర్తింగ్. నేలలో గుంత తీసి, రెండున్నర మీటర్ల గొట్టం దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పోసి నీళ్లు పడతారు. తడి ఉంటేనే కరెంటు భూమిలోకి దిగుతుంది. మా రాతి నేలలో అంత లోతు గుంత తీయడమే కష్టం, ఎండాకాలం తడి నిలవడం ఇంకా కష్టం. అందుకే గుంత తవ్వి వదిలేస్తే చాలదు, నీళ్లు పోస్తూ చూసుకోవాలి. తాతలు మోసిన ఉప్పు ఇప్పుడు మనవల ప్రాణాలకు కాపలా కాస్తోంది.

రెండోది లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ నుంచి అనుమతి తీసుకోవాలి. స్విచ్ తీసి మూడు బ్లేడ్లూ కళ్లతో చూడాలి. కరెంటు లేదని పరీక్షించాలి. రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాలి. అప్పుడే స్తంభం ఎక్కాలి. వీటిలో ఒక్కటి తక్కువైనా ‘ఎక్కను’ అనాలి. దొర ముందు, పటేలు ముందు, మేస్త్రీ ముందు ‘చేయను’ అనే మాట మా పెద్దలకు లేదు. ఆ మాటను నియమంగా నేర్పిన బడి ఇదే.

అయితే ఆ మాట నిలబడాలంటే వెనక కొలువు ఉండాలి. చదివిన పిల్లవాడు కాంట్రాక్టరు కింద రోజుకూలిగా ఉంటే, ‘ఎక్కను’ అన్న మర్నాడు పని ఉండదు. శిక్షణ ఉన్నచోటా ప్రమాదం పొంచే ఉంటుంది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి 9 మంది ఇంజనీర్లు, సిబ్బంది చనిపోయారు. చెంచుల నల్లమల కిందనే ఉంది ఆ కేంద్రం.

2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ప్రకటించారు, ఆటోస్టార్టర్లు తీసేయమన్నారు. అదే ఏడాది కొత్త పంచాయతీ చట్టంతో మా తండాలు పంచాయతీలయ్యాయి. 2022లో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతమైంది. 2024లో రాష్ట్రంలోని 65 ఐటీఐలను కొత్త యంత్రాలతో అధునాతన కేంద్రాలుగా మార్చే పని మొదలైంది. రోబోలు, విద్యుత్ వాహనాలు రావాలి, మా పిల్లలు వాటినీ నేర్చుకోవాలి. వాటి సందడిలో స్టార్టర్ డబ్బా, ఎర్త్ గుంత, లైన్ క్లియర్ పాఠం మూలకు పోకూడదు. ఆ బెంచీల దగ్గర మా ఆడపిల్లలూ నిలబడాలి.

తండా పంచాయతీలను మేము అడిగేది చిన్న పని. ప్రతి తండాలో ఐటీఐ చదివిన ఒకరికి జీతమిచ్చి, గ్లౌజులు, టెస్టరు, ఎర్త్ రాడ్లు ఇచ్చి, లైన్‌మన్‌తో కలిపి పనిలో పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి కర్రతో పోయే పిల్లవాడు ఇక ఏ తండాలోనూ ఉండకూడదు.