ఏ టేపు మాతృక?
1950ల జాజ్ రికార్డుల రీఇష్యూలపై ఒక పరిశీలన

మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959 ఆగస్టులో కొలంబియా రికార్డ్స్ నుంచి వెలువడింది. జాజ్‌లో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అదొకటి. దాన్ని ముందు పెట్టుకుని వాయిద్యం సాధన చేసినవాళ్ళు లెక్కకు అందరు. ఆ ఎల్పీ మొదటి వైపున్న మూడు రచనలూ కళాకారులు వాయించిన శ్రుతిలో వినిపించవు, దానికి కాస్త పైన వినిపిస్తాయి. కంపెనీ ఈ తేడాను సరిచేసింది 1992లో. అంటే 33 ఏళ్ళ తర్వాత.

ఈ వ్యాసం అడిగే ప్రశ్న చిన్నది. పాత రికార్డును మళ్ళీ విడుదల చేసినప్పుడు మన చేతికి వచ్చేది ఏమిటి? నకలు అనుకోవడం సహజం. ఆధారాలు చూస్తే ఆ పని నకలు తీయడం కన్నా పాఠపరిష్కరణకు దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది. సి.పి. బ్రౌన్ కొలువులో పండితులు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పరుచుకుని ఏ పాఠం నిలపాలో, ఏది అధోజ్ఞాపికలోకి దించాలో తేల్చుకున్నారు. న్యూయార్క్‌లో ఒక ఇంజనీరు రెండు టేపులు ముందు పెట్టుకుని చేసే పనికీ దీనికీ స్వభావంలో పోలిక ఉంది. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో ప్రధానంగా రెండు ఉదాహరణలతో చూద్దాం.

ముందు శ్రుతి సంగతి. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డింగ్ రెండు రోజుల్లో ముగిసింది: 1959 మార్చి 2, ఏప్రిల్ 22. చోటు న్యూయార్క్ 30వ వీధిలోని కొలంబియా స్టూడియో. ఒకప్పుడు చర్చిగా ఉన్న కట్టడం అది. మార్చి 2న ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’, ‘సో వాట్’, ‘బ్లూ ఇన్ గ్రీన్’ పూర్తయ్యాయి. ఎల్పీ మొదటి వైపున్నవి ఇవే. ‘ఆల్ బ్లూస్’, ‘ఫ్లమెంకో స్కెచెస్’ ఏప్రిల్‌లో పట్టారు. స్టూడియోలో రెండు టేపు యంత్రాలు ఒకేసారి తిరిగేవి. ఒకటి అసలు టేపుకు, రెండోది ఏదైనా తేడా వస్తే ఆదుకోవడానికి. మార్చి 2న మొదటి యంత్రం ఉండవలసిన వేగం కన్నా నెమ్మదిగా తిరిగింది. అలా పట్టిన టేపును తర్వాత సరైన వేగంతో నడిపితే లయ పరుగెత్తుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఎల్పీ తయారైంది ఆ టేపు నుంచే.

పెరిగిన శ్రుతి క్వార్టర్ టోన్ దరిదాపుల్లో ఉంటుందని సాధారణంగా చెబుతారు. మన హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య ఉన్న దూరంలో అది సగం. లెక్క ప్రకారం వేగం సుమారు 3 శాతం పెరిగితే అంత తేడా వస్తుంది. తొమ్మిది నిమిషాల రచన దాదాపు 16 సెకన్లు కురచవుతుంది. కుర్చీలో కూర్చుని వినేవారికి ఇది తెలియకపోవచ్చు. రికార్డుతో కలిసి ట్రంపెట్ వాయించబోయినవారికి తెలుస్తుంది, వారు వాయిద్యాన్ని కొంత సర్దుకోగలరు కూడా. పియానో ముందు కూర్చున్నవారికి ఆ వీలు లేదు. వినిపించే స్వరం రెండు మెట్ల నడుమ పడుతుంది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. తప్పు యంత్రానిదేనని ఎలా చెప్పగలం? ఆ రోజు స్టూడియో పియానోనే పై శ్రుతిలో ఉండి ఉండవచ్చు కదా? లేదా టేపు నుంచి రికార్డుకు గాడి కోసే యంత్రంలో లోపం ఉండవచ్చు కదా? దీన్ని తేల్చింది రెండో టేపు. అదే రోజు, అదే గదిలో, అవే వాయిద్యాలను పట్టిన టేపు అది, సరైన వేగంతో తిరిగిన యంత్రం మీద పట్టింది. పియానో శ్రుతే ఎక్కువైతే రెండు టేపుల్లోనూ ఎక్కువే వినిపించాలి. గాడి కోసినప్పటి లోపమైతే రెండు టేపులూ ఒకే శ్రుతిలో ఉండాలి. ఈ రెండూ జరగలేదు. కాబట్టి మిగిలేది మొదటి టేపు యంత్రం. 1992లో బంగారు పూత సీడీ తయారు చేసేటప్పుడు రెండో టేపును ఆధారం చేసుకున్నారు. 1997 ముద్రణ కూడా ఆ దారినే నడిచి, ‘ఫ్లమెంకో స్కెచెస్’కు మరో టేక్‌ను అదనంగా ఇచ్చింది. ఆదుకోవడానికని పక్కన పెట్టిన ప్రతే చివరికి మాతృక అయింది. మన ప్రాచీన గ్రంథాల విషయంలోనూ ఇలా జరగడం ఉంది. పేరున్న భాండాగారంలోని ప్రతిలో పడిన తప్పు, ఎక్కడో ఒక ఇంటి అటక మీది ప్రతిలో సరిగ్గా ఉంటుంది.

ఈ సవరణ సరైనదేనని నా నిర్ణయం. అయినా ఒక మాట చేర్చాలి. 1959 నుంచి మూడు దశాబ్దాలకు పైగా లోకం విన్నది, నేర్చుకున్నది ఆ పై శ్రుతి పాఠాన్నే. కళాకారులు వాయించిన పాఠం వేరు, శ్రోతలకు చేరిన పాఠం వేరు. జాజ్ చరిత్ర రాసేవారికి రెండోది కూడా సాక్ష్యమే. ఇదే ఎల్పీ తొలి ప్రతుల్లో రెండో వైపు రచనల పేర్లు తారుమారయ్యాయి, ‘ఆల్ బ్లూస్’ చోట ‘ఫ్లమెంకో స్కెచెస్’ అనీ, దాని చోట ఇదీ అచ్చయ్యాయి. పేర్ల తప్పు అట్ట చూస్తే పట్టుబడుతుంది. వేగంలో తప్పు గాడిలో ఉంటుంది, దాన్ని చెవితోనే పట్టాలి.

రెండో ఉదాహరణ ఇంత సూటిగా తేలేది కాదు. 1956 జూలై 7 రాత్రి రోడ్ ఐలండ్ రాష్ట్రంలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయించింది. 1937 నాటి ‘డిమినుయెండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ’ మధ్యలో శాక్సఫోన్ వాద్యకారుడు పాల్ గోన్సాల్వెస్ 27 ఆవృత్తాల పాటు ఆగకుండా మనోధర్మం వాయించాడు. జనం కుర్చీల్లోంచి లేచారు. అప్పటికి ఎలింగ్టన్ కాలం అయిపోయిందనుకుంటున్నవారు చాలామంది. ఆ ఆగస్టులోనే ‘టైమ్’ పత్రిక ముఖచిత్రంగా ఆయన బొమ్మ వచ్చింది. ‘ఎలింగ్టన్ ఎట్ న్యూపోర్ట్’ ఎల్పీ ఆయన రికార్డులన్నిటిలోకీ ఎక్కువగా అమ్ముడైంది.

ఆ ఎల్పీలో చాలా భాగం న్యూపోర్ట్‌లో పట్టింది కాదు. ఉత్సవం కోసం కొత్తగా రాసిన సూట్ ఆ రాత్రి తృప్తిగా కుదరలేదని భావించి, రెండు రోజుల తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించారు. దానికి జనం చప్పట్లు, కేకలు అతికించారు. నిర్మాత జార్జ్ అవాకియన్ పర్యవేక్షణలో జరిగిన పని ఇది. గోన్సాల్వెస్ వాయించింది మాత్రం నిజంగా ఆ రాత్రిదే. కానీ ఆయన శాక్సఫోన్ దూరంగా, మసగ్గా వినిపిస్తుంది. వేదిక మీద రెండు సంస్థల మైకులున్నాయి: కొలంబియావి, అమెరికా ప్రభుత్వ రేడియో అయిన వాయిస్ ఆఫ్ అమెరికావి. గోన్సాల్వెస్ రేడియో వాళ్ళ మైకు ముందు నిలబడి వాయించాడు.

రేడియో వారి టేపు 1990ల్లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. రీఇష్యూ నిర్మాత ఫిల్ షాప్ దాన్నీ కొలంబియా టేపునూ ఒకదానితో ఒకటి కలిపి 1999లో, ఎలింగ్టన్ శతజయంతి ఏడాది, రెండు సీడీల సంపుటిగా తెచ్చాడు. విడివిడి యంత్రాల మీద పట్టిన టేపులు ఎక్కడా ఒకే వేగంతో నడవవు, అడుగడుగునా సరిచూసుకుంటూ జత చేయాలి. ఒకదాన్ని ఎడమ చెవికి, రెండోదాన్ని కుడి చెవికి ఇవ్వడంతో మోనో కచేరీ స్టీరియో అయింది. శాక్సఫోన్ మన ముందు నిలబడింది. స్టూడియోలో వాయించినవాటిని తీసిపారేయకుండా అదే సంపుటిలో విడిగా చేర్చారు.

అతికించిన చప్పట్లను మన పండితుల పరిభాషలో ప్రక్షిప్తం అనాలి. ప్రక్షిప్తాన్ని గుర్తించి, పక్కకు తీసి, చదువరికి కనిపించేలా ఉంచడం మంచి పరిష్కర్త లక్షణం. ఆ పని 1999 సంపుటి చేసింది. అయితే అందులోని స్టీరియో గురించి నేను జాగ్రత్తగానే మాట్లాడతాను. రెండు సంస్థల మైకులు వాటి వాటి అవసరాల కోసం పెట్టినవి. ఆ రెండింటినీ జోడించి ఎడమ కుడులు చేసినప్పుడు వచ్చే వేదిక చిత్రం, వాద్యకారులు కూర్చున్న తీరుకు ఎంత దగ్గరో ఆ టేపులొక్కటే చెప్పలేవు. అది ఆధారాల మీద నిలిచిన పునర్నిర్మాణం, గొప్ప పునర్నిర్మాణం. ఎలింగ్టన్ జీవితాన్ని మలుపు తిప్పినది మాత్రం 1956 నాటి ఆ అతుకుల ఎల్పీయే. రెండూ దొరుకుతుండాలి. ఒకటి వచ్చిందని రెండోది అంగళ్ళలోంచి మాయం కాకూడదు.

ప్రభుత్వ రేడియో టేపుల విలువ ఇంకోచోట కూడా కనిపిస్తుంది. 1957లో థెలోనియస్ మంక్ బృందంలో జాన్ కోల్ట్రేన్ కొన్ని నెలలు వాయించాడు. ఆ జత స్టూడియోలో నలుగురి బృందంగా వదిలి వెళ్ళినవి మూడే రచనలు. విన్నవాళ్ళ జ్ఞాపకాల మీదే దశాబ్దాలు గడిచాయి. 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉద్యోగి లారీ అపెల్‌బామ్ పాత టేపులను డిజిటల్‌కు మారుస్తుండగా, 1957 నవంబర్ 29న కార్నెగీ హాల్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా పట్టిన వారి కచేరీ కనిపించింది. అదే ఏడాది బ్లూ నోట్ సంస్థ దాన్ని విడుదల చేసింది. పేరు రాయని పెట్టెలు, సరిగా చేయని సూచికలు ఎంత సంగీతాన్ని దాచి ఉంచగలవో దీనివల్ల తెలుస్తోంది.

రీఇష్యూలన్నీ ఇంత శ్రద్ధగా జరగలేదు. 1960ల్లో స్టీరియో మోజు పెరిగినప్పుడు అమెరికన్ కంపెనీలు మోనో టేపులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో రెండుగా చీల్చి స్టీరియో పేరుతో అమ్మాయి. కాపిటల్ సంస్థ 1961లో మొదలుపెట్టి దీనికి ‘డ్యుయోఫోనిక్’ అని పేరు పెట్టుకుంది. మంద్ర స్వరాలు ఒకవైపు, తార స్వరాలు ఒకవైపు. గాయకుడి గొంతును అలా చీల్చితే ఏం మిగులుతుందో విన్నవారికి తెలుసు.

చట్టం తెచ్చిన చిక్కు ఇంకొకటి. ఐరోపాలో సౌండ్ రికార్డింగ్‌కు హక్కు 50 ఏళ్ళుండేది. 2011లో దాన్ని 70కి పెంచుతూ నిర్ణయించినా, అప్పటికే గడువు తీరిన రికార్డులకు తిరిగి హక్కు రాలేదు. అమెరికాలో 2018 చట్టం ప్రకారం 1957 నుంచి వెలువడిన పాత రికార్డులకు 2067 దాకా రక్షణ ఉంది. మన దేశంలో గడువు 60 ఏళ్ళు. కాబట్టి 1959 నాటి ఎల్పీ ఐరోపాలో ఎవరైనా అచ్చు వేయవచ్చు, అమెరికాలో వేయకూడదు. ఐరోపా నుంచి చవక సీడీలు, ఎల్పీలు వెల్లువెత్తడానికి ఇదొక ముఖ్య కారణం. అలాంటి ముద్రాపకులకు సాధారణంగా అసలు టేపులు అందవు. పాత ఎల్పీనో ఎవరో చేసిన సీడీనో ఆధారమవుతుంది. ప్రజలకు చవగ్గా సంగీతం అందడం మంచిదే. దేని నుంచి తీశారో అట్ట మీద రాయకపోవడమే నాకు అభ్యంతరం.

ఆ మాట పెద్ద కంపెనీలకూ వర్తిస్తుంది. 2022లో మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ సంస్థ, పూర్తిగా అనలాగ్ పద్ధతిలో చేసినవని శ్రోతలు నమ్మి ఎక్కువ ధర పెట్టిన ఎల్పీల తయారీలో డిజిటల్ దశ ఉందని ఒప్పుకోవలసి వచ్చింది. వాటి ధ్వని బాగాలేదని ఎవరూ పెద్దగా అనలేదు, చెప్పలేదన్నదే బాధ. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో మంటలు లేచినప్పుడు ఎన్ని మాస్టర్ టేపులు కాలిపోయాయన్నదానిపై, 2019లో వచ్చిన పత్రికా పరిశోధనకూ కంపెనీ మాటకూ పొంతన కుదరలేదు. కాలిన టేపు ఎవరిదైనా, ఇకపై ఆ సంగీతానికి మాతృక పాత రీఇష్యూయే అవుతుంది. దాన్ని చేసినవారు ఏ టేపు వాడారో రాసి ఉంటేనే అది పనికొస్తుంది.

మన ఇళ్ళల్లోనూ గ్రామఫోను ప్లేట్లున్నాయి. తెలుగు నాటకాలు, పద్యాలు, తొలినాటి సినిమా పాటలు ఉన్న 78 ఆర్‌పీఎం ప్లేట్లను ఇప్పుడు ఎందరో డిజిటల్‌లోకి మారుస్తున్నారు. వారికి నా విన్నపం ఒకటి. ప్రతి ఫైలు పక్కన మూడు విషయాలు రాసిపెట్టండి: ప్లేటు మీద గాడి ముగిసే చోట చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు, మీరు తిప్పిన వేగం, ఆ వేగమే సరైనదని దేన్నిబట్టి నిర్ణయించారో ఆ కారణం.