.38 అంటే .357 ఎందుకైంది?

తుపాకీలతో నా పరిచయమంతా ఎన్సీసీలో ఒకసారి కాల్చిన .22 రైఫిలూ, మిగతాది సినిమాలూను. అందుకే .38 స్పెషల్ అనే తూటాలో సీసపు గుండు వ్యాసం నిజానికి 0.357 అంగుళాలే అని చదివినప్పుడు అచ్చుతప్పనుకున్నా. కాదట! మరి పేరులో ఉన్న ఆ కాస్తా ఎక్కడికి పోయినట్టు? తవ్వుకుంటూ పోతే 1851 దాకా వెళ్ళాల్సొచ్చింది.

అప్పటి కోల్ట్ నేవీ రివాల్వర్లో ఇప్పటిలాంటి తూటాలుండవు. గిర్రున తిరిగే సిలిండరులో గదులు వెనకవైపు మూసి ఉంటాయి. ముందునుంచి మందు పోసి, పైన గుండు పెట్టి దట్టించాలి. పేరుకి .36. కొలిస్తే గొట్టం లోపలి గాళ్ళతో కలిపి 0.375 దగ్గరుంటుంది (అంటే పేరు అప్పటికే అబద్ధం).

గదిని ఆ చివర్నుంచి ఈ చివరకి తొలిచేస్తే ఇత్తడి తూటాని వెనకనుంచి పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోవచ్చు, కానీ ఆ "తొలవడం" మీద 1855లో రోలిన్ వైట్ పేటెంటు తీసుకున్నాడు. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళు రివాల్వరుకి పావు డాలరు చొప్పున ఇస్తామని హక్కులు పట్టేశారు. కోర్టు ఖర్చులు మాత్రం వైట్ నెత్తినే. పాపం, దావాలకే చాలా డబ్బు తగలేశాడు. 1869లో గడువు తీరాక పొడిగింపు కోసం అమెరికన్ కాంగ్రెస్ దాకా వెళ్తే, 1870లో అధ్యక్షుడు గ్రాంట్ వీటో చేశాడు. సాఫ్ట్‌వేర్ పేటెంట్ల మీద మనం పోట్లాడుకునేవన్నీ ఇందులో ఉన్నాయి.

గడువు తీరడంతో పాత రివాల్వర్ల గదుల్ని తూటాలకి వీలుగా మార్చడం మొదలైంది. గొట్టం పాతదే కాబట్టి గుండు కూడా పాత లావే ఉండాలి. అందుకని గుండు కింది భాగాన్ని మాత్రం సన్నగా చేసి ఇత్తడి తొడుగులో దూర్చారు. బయట కనిపించే గుండూ, తొడుగూ ఒకే లావు, దాదాపు 0.38. గది కూడా మెట్టూ మలుపూ లేని తిన్నని బెజ్జమైతే చాలు. .38 అన్న పేరు ఇక్కడిదే.

తర్వాత సమస్య జిడ్డుతో వచ్చింది. సీసం గొట్టానికి అంటుకోకుండా గుండుకి జిడ్డు పూస్తారు. అది బయటే ఉండటంతో ఇసకా, జేబులోని నూగూ అన్నీ అంటుకునేవి. జిడ్డుని తొడుగు లోపల దాచాలంటే గుండు మొత్తం తొడుగులో పట్టాలి, అంటే సన్నబడాలి. సన్నబడింది, 0.357 అయింది. పేరు మాత్రం మార్చలేదు. పాత కోడ్‌లో వేరియబుల్ పేర్లు ఎవడూ ముట్టుకోనట్టే.

1892లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ రివాల్వర్ ఈ గందరగోళానికి పరాకాష్ట. గది ఇంకా తిన్నని బెజ్జమే, గొట్టం 0.363 దగ్గర, గుండేమో 0.357! సర్దుబాటుగా గుండు అడుగున బోలుగా చేశారు. మందు పేలగానే ఆ అంచు విచ్చుకుని గొట్టాన్ని పట్టుకోవాలని ఆశ. 150 గ్రెయిన్ల గుండు, వేగం సెకనుకి సుమారు 750 అడుగులు.

1899లో మొదలైన ఫిలిప్పీన్స్ యుద్ధంలో ఈ తూటా తగిలినా మనుషులు ఆగడంలేదని ఫిర్యాదులొచ్చాయి. అటకెక్కిన 1873 నాటి .45 రివాల్వర్లని మళ్ళీ దించారు. 1904లో థాంప్సన్ అనే అధికారీ (తర్వాత టామీ గన్‌కి పేరిచ్చింది ఈయనే), లగార్డ్ అనే సైనిక వైద్యుడూ షికాగో కబేళాల్లో పశువుల్ని, మరోచోట శవాల్ని కాల్చి చూసి .45కి తగ్గొద్దని తేల్చారు. 1911 పిస్టల్ అలా పుట్టింది. నాకు చిరాకేసేదేంటంటే, ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది మోరో వీరుల్ని మత్తుమందు తిన్న ఉన్మాదులుగా చూపిస్తారు. సముద్రాలు దాటి వాళ్ళ దీవుల్లోకి ఎవరొచ్చారన్న ప్రశ్న రాదు, తూటా లావు గురించే చర్చంతా.

ఆ రివాల్వర్లని ఇప్పటికీ కాల్చేవాళ్ళు అమెరికాలో ఉన్నారు. కొట్లో దొరికే గుండు గొట్టంలో వదులవుతుంది కాబట్టి, మెత్తటి సీసం కరిగించి, అడుగు బోలుగా ఉండే గుండ్లు అచ్చుల్లో పోసుకుంటారు. సీసం గట్టిదైతే అంచు విచ్చుకోదు, గురి పోతుంది.

అసలు ప్రమాదం వేరే. 1935లో వచ్చిన .357 మాగ్నమ్‌ని .38 స్పెషల్ కంటే కాస్త పొడుగ్గా చేశారు, పొరపాటున పాత తుపాకీలో పెట్టినా గదిలోని మెట్టు దగ్గర ఆగిపోవాలని. మన 1892 కోల్ట్‌లో మెట్టే లేదుగా! అంత బలమైన తూటా సాఫీగా లోపలికి జారిపోతుంది, ఉక్కేమో నల్లమందు కాలంనాటిది. తాత వదిలిపోయిన కోల్ట్‌కి ఏ తూటా పడుతుందో దూర్చి చూసి తేల్చుకోవద్దనేది ఇందుకే.