సూదియు, క్రిస్టమసు పండుగయు

ఒక దేశచరిత్రను తెలిసికొనగోరువారు సాధారణముగ రాజశాసనములను, యుద్ధవృత్తాంతములను, సభల తీర్మానములను వెదకుదురు. అది యుక్తమే. కాని యింటిలోపలి చరిత్ర ఆ కాగితములలో అంతగా దొరకదు. ఇంగ్లండు దేశపు గృహచరిత్రలో నొక ముఖ్యభాగము నారగుడ్డపై రంగుదారముతో వ్రాయబడి యున్నది. దానిని వ్రాసినవారిలో పెక్కుమంది స్త్రీలు, బాలికలు. వారి లేఖిని సూది. క్రిస్టమసు దినములలో ఆంగ్లగృహముల గోడలపైనను, పండుగచెట్టు కొమ్మలయందును వ్రేలాడు కుట్టుపనిని చూచి మనము ముచ్చటపడుదుము. ఆ ముచ్చట వెనుక నున్న నాలుగు వందల యేండ్ల కథను సంగ్రహముగ చెప్పుట యీ వ్యాసోద్దేశము.

ముందుగ కుట్టును గూర్చి యొక మాట. పడుగును పేకయు సమముగ నుండి, పోగులను లెక్కింప వీలైన గుడ్డను తీసికొని, ఒక గడిలో ఒక మూలనుండి యెదుటి మూలకు వాలుగ దారమును వేసి, దానికడ్డముగ రెండవ దారమును వేసినచో లెక్కలలోని గుణకారపు గుర్తువంటి కుట్టు ఏర్పడును. ఇదియే క్రాసు కుట్టు. మన పొరుగున కర్ణాటకమందలి కసూతిపనిలో దీనిని మెంతిగింజతో పోల్చి ‘మెంతె’ యందురు. బొమ్మ గీయుట రానివారు సైతము గళ్లు లెక్కించి పువ్వునో, పక్షినో, అక్షరమునో కుట్టవచ్చును. దీనికి నేర్పుకంటె ఓర్పు ముఖ్యము. ఈ సులభత్వమే యీ కుట్టును ఇంటింటికి చేర్చినది. బాలికలకు దానిని నిర్బంధవిద్యగ చేయుటకును ఈ సులభత్వమే తోడ్పడినది.

తేదీ గల ఆంగ్ల మాదిరిగుడ్డలలో నేటికి తెలిసినంతవరకు మిక్కిలి పాతది 1598వ సంవత్సరమున జేన్ బోస్టాక్ అను నామె కుట్టినది. అది లండనులోని విక్టోరియా, ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది. అందు అక్షరమాల, అల్లికల మాదిరులు, కొన్ని జంతువుల బొమ్మలతోపాటు ఆలిస్ లీ యను శిశువు 1596 నవంబరులో పుట్టిన దినముకూడ కుట్టబడినది. ఇట్టి గుడ్డలను వారు సాంప్లరు లందురు. అచ్చుపుస్తకములు అరుదుగ నున్న ఆ కాలమున కొత్త కుట్టును, కొత్త నమూనాను మరచిపోకుండ దాచుకొనుటకు అది యొక గ్రంథము. ఇంటి శుభవార్తను నిలుపుకొనుటకు అదియే శాసనము.

ఆ నాటి క్రిస్టమసు నేటిదానివంటిది కాదు. డిసెంబరు 25 మొదలు పండ్రెండు దినములు విందులు, వేషములు, ఆటపాటలు సాగుచుండెను. అది ఇంటిపండుగ యనుటకంటె ఊరిపండుగ యనుట మేలు. ఆచారనిష్ఠ గల ప్యూరిటనులు ఈ కోలాహలమును సహింపలేదు. 1647లో పార్లమెంటువారు ఈ పండుగను రద్దుచేసిరి. 1660లో రాజరికము తిరిగి వచ్చిన పిదపనే అది మరల నెలకొన్నది. అమెరికాలోని మసాచుసెట్సు వలసలో పండుగ చేసికొన్నవారికి 1659లో ఐదు షిల్లింగుల జరిమానా విధించిరి. 1681లో ఆ శాసనము తొలగినది. ఇచ్చట నొక విశేషము కలదు. పండుగను మాన్పించినవారును ఆడపిల్ల చేతినుండి సూదిని మాన్పింపలేదు. దాని చెంతనే యున్న ప్లిమతు వలసలో సేనాధిపతియైన మైల్సు స్టాండిషు కొమార్తె లోరా కుట్టిన ప్రార్థన గల సాంప్లరు నేటికిని అచ్చట భద్రముగ నున్నది. పండుగ పాపమైనను కావచ్చును, పుణ్యమైనను కావచ్చును; సూదిమాత్రము ఆడుదానికి ఎల్లప్పుడును ధర్మమే యని వారి తలంపు!

పదునెనిమిదవ శతాబ్దమునకు సాంప్లరు స్వరూపము మారినది. పెద్దల జ్ఞాపకపుస్తకము పిల్లల పరీక్షాపత్రమైనది. అక్షరమాల, అంకెలు, ఒక నీతిపద్యము, ఒక యిల్లు, రెండు చెట్లు, క్రింద పిల్లపేరు, వయస్సు, సంవత్సరము: ఇది దాని క్రమము. ఈ అక్షరములు విద్యకొరకు మాత్రమే యని భ్రమపడరాదు. గొప్పయిండ్లలో దుప్పట్లకు, తువాళ్లకు యజమాని పేరిటి పొడియక్షరములను, వరుస సంఖ్యను క్రాసు కుట్టుతో గుర్తువేయుట ఆచారము. పనికత్తె కాబోవు బీదపిల్లకు ఇది జీవనోపాధి. పెక్కు ధర్మపాఠశాలలలో బాలికకు చదువుట నేర్పిరి, కుట్టుట నేర్పిరి. వ్రాయుటమాత్రము అంతగ అవసరమని తలపలేదు. 1862 నాటి విద్యాశాసనముకూడ ప్రభుత్వసహాయము కోరు పాఠశాలలలో బాలికలకు సాదా కుట్టుపనిని తప్పనిసరి చేసినది. బాలుడు లెక్కలు చేయుచుండిన గంటలో బాలిక అంచు మడచుచుండెను.

ఈ యేర్పాటు ఫలమేమో తెలిపెడి గుడ్డ యొకటి పైని చెప్పిన ప్రదర్శనశాలలోనే యున్నది. ససెక్సు మండలమున 1813లో జన్మించిన ఎలిజబెత్ పార్కరు అను బీదకూలివాని కూతురు సుమారు 1830లో దానిని కుట్టినది. అందు పువ్వులు లేవు, పక్షులు లేవు. తెల్లని నారగుడ్డపై ఎర్ర పట్టుదారముతో అడుగుకడుగు అక్షరములే. తనకు వ్రాయుట రాదు గనుక ఈ విధముగ తెలుపుకొనుచున్నానని ఆమె ప్రారంభించినది. పదుమూడవయేట పనికి కుదిరిన సంగతి, ఒక యజమాని చేసిన క్రూరకృత్యములు, ఆత్మహత్య చేసికొనదలచిన తన దుఃఖము, దేవుని క్షమాపణ కోరిక, ఇవియెల్ల గళ్లు లెక్కించి కుట్టినది. చివర తన ఆత్మగతి యేమగునో యను ప్రశ్న నడుమనే వాక్యము నిలిచిపోయినది. తక్కిన గుడ్డ ఖాళీగ నున్నది. ఆమె అటుపిమ్మట చావలేదు. ఆ ప్రాంతపు ధర్మపాఠశాలలో ఉపాధ్యాయినియై, డెబ్బదియారేండ్లు జీవించినది. నోరు మూయించుటకు ఇచ్చిన పనిముట్టుతోనే నోరు విప్పిన యీ బాలికను ఏ చరిత్రకారుడు విస్మరింపగలడు?

ఇక క్రిస్టమసు ఇంటిలోనికి వచ్చిన కాలమును చూతము. యంత్రశాలలు పెరిగి, మగవాడు ఆఫీసుకును, స్త్రీ గృహమునకును అని విభజన గట్టిపడిన ఆ దినములలో ఊరిపండుగ ఇంటిపండుగగ మారినది. విక్టోరియా రాణి కుటుంబము పండుగచెట్టు చుట్టును నిలిచిన చిత్రము 1848లో ఒక లండను సచిత్రపత్రికలో వెలువడుటతో మధ్యతరగతివారు ఆ చెట్టును తమ యింట నిలుపసాగిరి. కానుక లిచ్చుట నానాటికి ప్రబలినది. ఆ కానుకలకు సామగ్రి జర్మనీనుండి వచ్చినది. ఆ శతాబ్దారంభమున బెర్లిను నగరపు వ్యాపారులు గళ్లకాగితముపై నమూనాలను అచ్చువేసి, చేతితో రంగులద్ది అమ్మసాగిరి. 1840 నాటికి ఇట్టి నమూనాలు సుమారు 14,000 వెలువడినవట. మెత్తని ఉన్నిదారముతో జాలిగుడ్డపై కుట్టు ఈ ‘బెర్లిను ఉన్నిపని’ ఇంగ్లండంతయు వ్యాపించినది. 1856లో పెర్కిను కనిపెట్టిన కృత్రిమవర్ణముతో దారముల రంగులు కన్నులు మిరుమిట్లు గొలుపునంతటి వయ్యెను. తండ్రికి పావుకోళ్ల పైతొడుగు, అన్నకు టోపీ, తాతకు దిండు, పురోహితునకు గుర్తుపట్టీ: వీనిని పండుగనాటికి ముగింపవలెనని శరత్కాలమునుండియే దీపముకడ కూర్చుండిన కూతుళ్లు ఎందరో!

ఇందు ప్రేమ లేదని నేననను. కాని 1843 డిసెంబరు నెలను గమనింపుడు. ఆ సంవత్సరముననే హెన్రీ కోలు మొట్టమొదటి క్రిస్టమసు కార్డును షిల్లింగు వెలకు అమ్మించెను. దానిపై ఒక కుటుంబము విందుబల్ల చుట్టును పానపాత్ర లెత్తుచుండును. డిసెంబరు 19వ తేదీన డికెన్సు మహాశయుని ‘క్రిస్టమసు కారోలు’ వెలువడినది. దానికి మూడు దినములకు ముందు ‘పంచ్’ పత్రికలో తామసు హుడ్ కవి ‘చొక్కా పాట’ ప్రకటింపబడినది. చిల్లర కూలికి చొక్కాలు కుట్టి కుట్టి కృశించు పేదకుట్టుకత్తె గోడు అందలి విషయము. ఒకే పండుగ, ఒకే నగరము, ఒకే సూది. ఒక గదిలో అది వినోదము, వేరొక గదిలో ఆకలి. డికెన్సు కథలోకూడ క్రాచిట్ల పెద్దకూతురు మార్తా టోపీలు కుట్టు దుకాణమునుండి పండుగనాడు ఆలస్యముగ ఇల్లు చేరును. ముందటి రాత్రి ముగింపవలసిన పని చాల యున్నదట. పెక్కుమంది చదువరులు చిన్నవాడైన టిమ్మును తలచి కన్నీరు విడుతురు గాని, మార్తా చేతివ్రేళ్లను తలపరు.

వినోదమనబడిన ఆ మొదటి గదిలోను సుఖమే యున్నదని చెప్పజాలము. క్రిమియా యుద్ధమున రోగిపరిచర్యచే కీర్తిగాంచిన ఫ్లారెన్సు నైటింగేలు దానికి ముందే 1852లో ‘కసాండ్రా’ యను వ్యాసము వ్రాసినది. మగవారు పగటిపూట బల్లచుట్టును చేరి ఉన్నిపని చేయుచు, చిన్నపుస్తకములు చదువుచు కూర్చున్నచో మనమెంత నవ్వుదుమని ఆమె అందు ప్రశ్నించినది. ఆడుదాని కాలమునకు విలువ లేదు గనుకనే దానిని కుట్టుపనితో నింపిరని ఆమె యాక్షేపణ. పనికత్తెల స్థితి యింతకంటె వింత. పలుయిండ్లలో యజమానురాలు వారికిచ్చు క్రిస్టమసు కానుక వారి పనిఉడుపునకు కావలసిన గుడ్డ. కుట్టుకొను భారము వారిదే!

ఆ నవ్వుటకు తొంబది సంవత్సరముల పిదప కాలమే యొక జవాబు చెప్పినది. 1941లో క్రీటు ద్వీపమున జర్మనులకు చిక్కిన బ్రిటిషు మేజరు అలెక్సిసు కాస్డాగ్లి, ఆ సంవత్సరము డిసెంబరు నెలలోనే చెరసాలయందు తోటిఖైదీ యిచ్చిన జాలిగుడ్డపై క్రాసు కుట్టుతో ఒక సాంప్లరు కుట్టెను. దారము ఒక ముసలి సేనాని చినిగిన ఉన్నిచొక్కానుండి విప్పినది. అంచులయందలి చుక్కలను, గీతలను జర్మను అధికారులు అలంకారమనుకొని మెచ్చి, వేర్వేరు చెరసాలలలో ప్రదర్శించిరి. అవి తంతివార్తల సంకేతములు. వానిలో రాజునకు మంగళము, హిట్లరునకు బూతుతిట్టు కలవు. ఇల్లు, వాకిలి, భార్యాబిడ్డలు దూరమైనపుడు ఆ మగవానికి మతి నిలిపినది సూదియే. సూది ఆడుదానిది కాదనియు, మనుష్యునిదనియు ఇంతకంటె ఋజువేల?

నేడు పాశ్చాత్యదేశములలో క్రిస్టమసునకు గుడ్డ, దారము, నమూనా కలిపిన పొట్లములు అంగళ్లలో అమ్ముదురు. ఇష్టమున్నవారు కుట్టుదురు, లేనివారు కొందురు. పురుషులును కుట్టుచున్నారు. తాత కుట్టిన మేజోడు మనుమడు ఏటేట చెట్టుకడ వ్రేలాడదీసికొనుట యందమైన విషయమే. నిర్బంధము తొలగి ఇష్టము మిగిలినపుడు పాతపని కొత్త శోభను పొందును.

ఐనను ఈ కథ మనకు దూరపుది యని తలపరాదు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు పశ్చిమగోదావరి జిల్లాలోని నరసాపురపు ప్రాంతమున లేసు అల్లికను స్త్రీలకు నేర్పిరి. అది క్రాసు కుట్టు కాదు, కొక్కెపుసూది పని. ఐనను కథ యొక్కటే. మేరియా మీజ్ అను జర్మను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథమున ఒక సత్యమును బయలుపెట్టినది. లోకమార్కెట్టునకు సరుకు తయారుచేయు ఆ స్త్రీలను ‘తీరిక వేళల పొద్దుపుచ్చుకొను గృహిణులు’ అని పిలుచుటచేతనే వారి కూలి అంత తక్కువగ నుండగలిగిన దని! 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. వస్తువునకు పేరు వచ్చినది; సంతోషము. అల్లినవారికి తగిన ప్రతిఫలము వచ్చిననాడు ఆ సంతోషము పూర్ణమగును.

మాయింట గోడపై అద్దపుచట్రములో నొక గుడ్డ యున్నది. రెండు చిలుకల నడుమ ‘వెల్కమ్’ అను ఇంగ్లీషుమాట. మా అమ్మ పెండ్లికి ముందు కుట్టినది. చిన్నతనమున దానిని చూచియే నేను ఆ యక్షరములను గుర్తించితిని. పెద్దవాడనై ఇంగ్లీషు బోధించు ఉద్యోగములో చేరిన పిదప నొకనాడు, ఏ యక్షరము కుట్టుట కష్టమయ్యెనని ఆమెను అడిగితిని. ఆమె నవ్వి, “నాకు అక్షరాలేం తెలుసు నాయనా, గళ్లు లెక్కపెట్టి కుట్టాను” అన్నది. ఐదవ తరగతితో ఆమె చదువు మాన్పించిరట. నాకు ఇంగ్లీషు అక్షరములను పరిచయము చేసిన చేతికి వాని పేర్లు తెలియవు. నాకప్పుడు ఎలిజబెత్ పార్కరు గుడ్డ యందలి ఖాళీస్థలము కన్నులకు కట్టినది.

కనుక పండుగ యేదైనను, క్రిస్టమసు కానిండు, సంక్రాంతి కానిండు, మన చేతికి వచ్చిన కానుకను మెచ్చుకొనునపుడు దానివెనుక ఎవరి నిద్ర, ఎవరి చదువు ఖర్చయినదో అడుగుట నేర్చుకొందము. కొడుకునకు సూదియు, కూతురునకు కలమును సమముగ అందిత్తము. ఈ సంవత్సరము మా అమ్మ నాకడ ఇంగ్లీషు అక్షరములు దిద్దుచున్నది. చిలుకల గుడ్డను చట్రమునుండి దింపి బల్లపై పెట్టుకొని, అందలి మొదటి యక్షరముతోనే ఆమె ప్రారంభించినది.