ఇనుము ఒకటే, గుణాలు రెండు

ధర్మవరం నుంచి హిందూపురం వెళ్తుంటే మధ్యలో పెనుకొండ వస్తుంది కదా. అక్కడే ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ. 2019 నుంచి కార్లు తయారుచేస్తున్నారు, 2025లో ఎలక్ట్రిక్ కారు కూడా వచ్చింది. ఇవాళ అలాంటి కార్ల మోటర్‌లో ఉండే ఇనుము కథ.

మోటర్‌లో కదలకుండా ఉండే భాగం స్టేటర్. దాని ఇనుము సెకనుకి వందలసార్లు అయస్కాంతంగా మారాలి, వెంటనే ఆ గుణం వదిలేయాలి. మామూలు ఇనుమైతే లోపల సుడి కరెంట్లు పుట్టి వేడెక్కిపోతుంది. 1900లో బారెట్, బ్రౌన్, హ్యాడ్‌ఫీల్డ్ ఇనుములో సిలికాన్ కలిపి చూశారు. 3 శాతం కలిపితే చాలు, కరెంటుకి నిరోధం దాదాపు నాలుగు రెట్లవుతుంది, వేడి తగ్గుతుంది. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉండేదీ ఈ రకం ఉక్కే.

లోపల తిరిగే రోటర్‌కి సరిగ్గా రివర్స్. అయస్కాంత గుణం పోనే కూడదు. 1982 ప్రాంతంలో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ విడివిడిగా ఒకే ఫార్ములాకి చేరారు: 14 ఇనుము పరమాణువులకి 2 నియోడిమియం, 1 బోరాన్. నియోడిమియం అయస్కాంత దిశని పక్కకి తిరగనివ్వదు.

మోటర్ వేడిని తట్టుకోవాలంటే ఇందులో కాస్త డిస్ప్రోసియం కూడా పడాలి. 2025 ఏప్రిల్‌లో చైనా దాని ఎగుమతికి లైసెన్స్ పెట్టగానే మన కార్ల కంపెనీలు కంగారుపడ్డాయి.

మన కోస్తా ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో నియోడిమియం ఉంది. కానీ 2023లో విశాఖలో ప్రారంభమైన ప్లాంట్ చేసేది సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు. ఖనిజం ఉంటే సరిపోదు ఫ్రెండ్స్. దాన్ని వేరుచేసి, సరైన పాళ్లలో కలపడం చేతిలో ఉన్నవాడిదే మోటర్.