భటేరీ సాథిన్ నుంచి మన మండలం దాకా

పని చోట ఆడవాళ్ల రక్షణ చట్టం అనగానే మన సభ్యుల్లో చాలామందికి అద్దాల మేడలు, కంప్యూటర్ ఆఫీసులు గుర్తొస్తాయి. అది చదువుకున్నోళ్ల చట్టంలే అని వదిలేస్తుంటాం. కానీ అది పుట్టింది ఆఫీసులో కాదు. రాజస్థాన్‌లో జైపూర్ దగ్గరి భటేరీ అనే పల్లెలో.

భన్వరీ దేవి కుమ్మరి ఇంటి ఆడపడుచు. 1985లో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'గా చేరింది. సాథిన్ అంటే తోడుగా ఉండే మనిషి. ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టడం, ఆరోగ్యం, పిల్లల చదువు, కూలి డబ్బుల గురించి మాట్లాడటం ఆమె పని. జీతం అని పేరు లేదు, కొద్దిపాటి గౌరవ వేతనం. మన వీవోఏలకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

1992లో బాల్యవివాహాలు ఆపాలని అక్కడి ప్రభుత్వం ప్రచారం పెట్టింది. ఊళ్లో పలుకుబడి ఉన్న ఒక కుటుంబంలో ఏడాది కూడా నిండని పసిపాపకు పెళ్లి తలపెట్టారు. వద్దని భన్వరీ చెప్పి చూసింది. పెళ్లి ఆగలేదు గానీ, ఊరు ఆమె మీద కక్ష కట్టింది. ఆ ఇంటి కుండలు కొనడం కూడా మానేశారు. సెప్టెంబరు 22న పొలంలో భర్తను కొట్టి, ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. వైద్య పరీక్షకే రెండు రోజులు దాటింది. 1995లో కింది కోర్టు అత్యాచారం నేరం రుజువు కాలేదని నిందితులను వదిలేసింది. ఆమె మాత్రం ఊరు విడిచిపోలేదు, పని మానలేదు.

ప్రభుత్వం చెప్పిన పని చేసినందుకే కదా ఆమెకు ఇంత జరిగింది, పని అప్పజెప్పినవాళ్లకు బాధ్యత లేదా? ఈ ప్రశ్నతోనే 'విశాఖ' మొదలైన మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టు 13న తీర్పు వచ్చింది. పని చోట లైంగిక వేధింపు ఆడమనిషి సమానత్వ హక్కును కాలరాయడమేనని కోర్టు చెప్పి, చట్టం వచ్చేదాకా పాటించాల్సిన నియమాలు ఇచ్చింది. ఆ చట్టం రావడానికి 2013 దాకా పట్టింది. పదహారేళ్లు! ఒక ఆడపిల్ల పుట్టి పదో తరగతి దాటేంత కాలం.

చట్టంలో మనకు పనికొచ్చేది ఇది. ఇళ్లల్లో పని చేసేవాళ్లు, కూలీలు, చిన్న దుకాణాల్లో చేసేవాళ్లు కూడా దీని కిందకు వస్తారు. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడు, జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. రాయడం రాకపోతే రాయించి ఇచ్చే బాధ్యత కమిటీదే. పల్లెల్లో ఫిర్యాదు తీసుకోవడానికి మండల స్థాయిలో ఒక నోడల్ అధికారి ఉండాలి. ఆయన దాన్ని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి. కమిటీలో జిల్లాలో పని చేసే మహిళల నుంచి ఒకరు ఉండాలని, బయటి నుంచి తీసుకునే సభ్యుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ లేదా మైనారిటీ మహిళ ఒకరైనా ఉండాలని కూడా రాశారు. భన్వరీ కులం, ఆమె పేదరికం గుర్తుంటే ఆ నియమం ఎందుకు పెట్టారో మనకు తెలుస్తుంది.

ఇక మన నోడల్ అధికారి ఎవరు, కమిటీలో మన తరఫున ఎవరున్నారు? వచ్చే మండల సమాఖ్య సమావేశం ఎజెండాలో ఈ రెండు ప్రశ్నలూ పెడుతున్నాం.