రాజుల్ని పక్కన పెట్టిన చరిత్రకారుడు

మనం బడిలో చదివిన చరిత్రలో పానిపట్టు యుద్ధం మూడుసార్లు వచ్చేది. ఆ కాలపు మనిషి ఏం తిన్నాడో, ఏం కట్టుకున్నాడో ఒక్కసారీ రాలేదు. ఆ లోటు నాకు తెలిసింది బడి వదిలాక, సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చేతికొచ్చాకే.

1896లో పుట్టిన ప్రతాపరెడ్డి గారు మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1926లో హైదరాబాదులో 'గోలకొండ పత్రిక' పెట్టారు. అప్పటి నిజాం రాజ్యంలో కచేరీ భాష, పైచదువుల భాష ఉర్దూ. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు ఆయన ఇచ్చిన జవాబు 1934 నాటి 'గోలకొండ కవుల సంచిక'. అందులో 354 మంది కవులున్నారు! లేదన్నదాన్ని వెతికి చూపించడం ఆయనకు అక్కడే అలవడిందని నా అభిప్రాయం.

సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. తూర్పు చాళుక్యుల కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదలు దాకా దాని పరిధి. శాసనాల్లో దానాలు, బిరుదులు దొరుకుతాయి గాని వంటిల్లు దొరకడం అరుదు. అందుకని ఆయన కావ్యాల్లోకి వెళ్లారు. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు వీధులు, పూటకూళ్ల ఇల్లు; 'ఆముక్తమాల్యద'లో ముసురు రోజుల్లో పొయ్యి రాజేయలేక అవస్థపడే ఇల్లాళ్లు; 'హంసవింశతి'లో ఆటలు, వృత్తులవాళ్ల పనిముట్లు. పండితులు అలంకారాలు లెక్కపెట్టుకున్న చోట ఆయన తిండీ బట్టా, జూదాలూ పన్నులూ ఏరుకున్నారు. కవి పెంచి చెప్పడా అంటారా? చెబుతాడు. కాని తన శ్రోత ఎన్నడూ ఎరగని వంటను అంత లొట్టలేస్తూ వర్ణించడు గదా.

1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికై, మరుసటి ఏడే కన్నుమూశారు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన తొట్టతొలి పురస్కారం ఈ పుస్తకానికే. అందుకోవడానికి ఆయన లేరు.

ఈ సంచికలో ప్రధానోపాధ్యాయుల వరుస ఉంది, ర్యాంకుల పట్టిక ఉంది; ఉండాలి కూడా. గంట కొట్టిన అటెండరు, గేటు దగ్గర రేగుపళ్లు అమ్మిన అవ్వ, ఏడో తరగతితో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు మాత్రం ఏ పట్టికలోనూ లేరు. వాళ్లను ఎరిగిన తొలి బ్యాచ్‌లవాళ్లకు డెబ్బై దాటుతున్నాయి, కొందరు ఇప్పటికే వెళ్లిపోయారు. ఉత్సవం రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ పక్కగదిలో నోటుపుస్తకంతో కూర్చుంటాను. మీ ఇళ్లలోని పాత గ్రూపు ఫొటోలు తీసుకురండి. వెనకవరుసలో, చివర నిలబడ్డవాళ్ల పేర్లు ముందు రాసుకుందాం.